జనాజా ముందు అడిగే మాట

మా వాడలో ఎవరైనా కన్నుమూస్తే మయ్యత్‌కు స్నానం చేయించి, కఫన్ కట్టి, డోలా మీద మసీదు దగ్గరికి మోసుకొస్తాం. జనాజా నమాజుకు వరసలు కడతాం. నమాజు మొదలయ్యే ముందు చచ్చిపోయినాయన కొడుకో తమ్ముడో ముందుకొచ్చి నిలబడతాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంటుంది. అయినా ఒక్క మాట అందరికీ వినపడేట్టు అడుగుతాడు. ‘మా అబ్బా మీలో ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, మేం తీరుస్తాం. మాటతోనో చేతతోనో ఎవరినైనా నొప్పించి ఉంటే మాఫ్ చేయండి.’ ఉర్దూలో అడిగాక చాలాచోట్ల తెలుగులోనూ అడుగుతారు. ఎందుకంటే గోడ అవతల భుజాన తువాళ్లేసుకొని నిలబడ్డ ఇరుగుపొరుగు హిందువులు కూడా ఉంటారు. బాకీ వాళ్లకూ ఉండొచ్చు కదా.

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఈ మాట మేము ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చిన్నప్పుడు అదేదో ఆచారం అనుకున్నాం. వయసు మీద పడుతున్నకొద్దీ అర్థమవుతున్నది. ఆ క్షణంలో చచ్చిపోయినాయన ఎన్ని పూటలు నమాజు చదివాడని ఎవరూ అడగరు. హజ్‌కు పోయాడా, గడ్డం పెంచాడా అని అడగరు. ఎవరికి ఏం బాకీ పడ్డాడనే ఒక్క సంగతి అడుగుతారు. మంచి బతుకు అంటే ఏమిటి అని పెద్ద పెద్ద గ్రంథాలు రాసినవాళ్లున్నారు. టైర్లకు పంక్చర్లేసుకుంటూ, బట్టలు కుట్టుకుంటూ, పండ్లబండి తోసుకుంటూ బతికే మాలాంటి వాళ్లకు ఆ ప్రశ్నా, దాని జవాబూ రెండూ ఈ ఒక్క మాటలోనే దొరికాయి.

మా పెద్దలు హక్కులను రెండు రకాలుగా చెబుతారు. హుఖూఖుల్లా అంటే అల్లాకు మనం తీర్చాల్సినవి. హుఖూఖుల్ ఇబాద్ అంటే తోటి మనుషులకు తీర్చాల్సినవి. తనకు రావాల్సిన దాన్ని అల్లా తల్చుకుంటే మాఫ్ చేస్తాడు, ఆయన దయామయుడు. కానీ మనిషికి రావాల్సినదాన్ని ఆ మనిషే మాఫ్ చేయాలి. దేవుడు కూడా మధ్యలోకి రాడు. మౌల్వీ సాబులు తఖ్రీరుల్లో ఈ సంగతి చెబుతూనే ఉంటారు. మేం తలలూపుతూనే ఉంటాం. దాని బరువెంతో మాత్రం జనాజా దగ్గరే తెలుస్తుంది.

ఇది మా లోపలి లెక్క. అయితే మా నెత్తిన ఇంకో లెక్క ఉంది. అది మేం రాసుకున్నది కాదు. దాని పేరు ‘అయినా’.

సూర్యాపేట హైదరాబాదుకూ విజయవాడకూ సరిగ్గా సగం దారి. ఒకప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు అరవై అయిదో నంబరు జాతీయ రహదారి. రోడ్డు పొడుగూతా మెకానిక్ షెడ్లు, వెల్డింగ్ దుకాణాలు, టైర్ల కొట్లు. వాటిలో మావాళ్లు ఎక్కువ. అట్లాంటి ఒక షెడ్డులో మావాడొకాయన కారు రిపేరు చేస్తుంటే సీటు కింద పర్సు దొరికింది. కారుగల్లాయన చాయ్ తాగి వచ్చేదాకా ఆగి చేతిలో పెట్టాడు. ఆయన డబ్బులు లెక్కబెట్టుకొని, సంతోషపడి, భుజం తట్టి, ‘సాయిబువైనా మంచోడివయ్యా’ అన్నాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రాత్రి అన్నం సగంలోనే వదిలేసి చేయి కడుక్కున్నాడు.

తిట్టు కాదు, దెబ్బ కాదు. మెచ్చుకోలే. మరి ఎందుకు మింగుడు పడలేదు? ఆ ‘అయినా’ ఏం చెబుతున్నదో ఒకసారి చూడండి. ఆయన చేసిన మంచి ఆయనొక్కడి ఖాతాలో పడింది. సాయిబులు మామూలుగా అట్లా ఉండరనే మాట మా అందరి ఖాతాలో పడింది. అదే మాలో ఒకడు దొంగతనం చేస్తే? అప్పుడు ‘సాయిబే’ అంటారు. ఆ తప్పు వాడొక్కడి ఖాతాలో ఉండదు, అందరికీ పంచుతారు. మంచి చేస్తే ఒక్కడికి, చెడు చేస్తే కులమంతటికీ జమకట్టే ఈ లెక్క ఏ షావుకారు పద్దులోనూ చెల్లదు. మాకు మాత్రం తరాలుగా చెల్లుతున్నది.

1992 డిసెంబరు 6 తర్వాత ఈ లెక్క ఇంకా కరుకైంది. అయోధ్య మాకు ఎంత దూరం! మా గల్లీలో సగం మందికి అది ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. అయినా ఆనాటి నుంచి మాతో మాట్లాడేటప్పుడు గొంతులు మారాయి. ఎక్కడో బాంబు పేలిందని రేడియోలో వింటే, చేసినవాడి పేరు మాది కాకుండా ఉండాలని చేతులెత్తి దువా చేసుకునే అలవాటు మాకు అప్పుడే వచ్చింది. కోదాడలో ఇల్లు అద్దెకు అడిగితే ముందు పేరు అడుగుతారు, తర్వాత ‘నీసు వండుతరా’ అని అడుగుతారు, ఆ తర్వాత ‘మా చుట్టాలెవరో దిగుతున్నరు’ అంటారు. మా వెనుక వచ్చి ఆ ఇంట్లో దిగినవాళ్లూ నీసు తినేవాళ్లే. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే వాడలను అప్పులివ్వడానికి పనికిరాని ప్రాంతాలుగా పక్కనబెడుతున్న సంగతిని ఎత్తి చూపింది. బాకీ పడకుండా బతకమని మా దీన్ చెబుతుంది. అప్పు అడిగే అర్హతే లేదని లోకం చెబుతుంది. రెండూ ఒకటి కావు.

ఇట్లాంటి చోట మంచిగా బతకడమంటే ఏమిటి? మేం చేసే మంచి ఎవరి కోసం?

ఈ ప్రశ్న మమ్మల్ని మేం వేసుకోవాలంటే భయమేస్తుంది. రంజాన్ పండుగనాడు షీర్ ఖుర్మా గిన్నెలకెత్తి పక్కింటి రెడ్లకు, ఎదురింటి కోమట్లకు, వెనకింటి గౌండ్లకు పంపుతాం. ప్రేమతోనే పంపుతాం. మా అమ్మీలు, నానీమాలు పంపినట్టే పంపుతాం. కానీ గుండె మీద చేయి వేసుకొని చెప్పమంటే, ఆ గిన్నెలో ప్రేమొక్కటే ఉందా? రేపు ఏదైనా గొడవ జరిగితే వీళ్లలో ఒక్కరైనా ‘వీళ్లు అట్లాంటోళ్లు కాదు’ అని అడ్డం నిలబడతారన్న ఆశ కూడా లేదా? ఉంది. ఒప్పుకుంటున్నాం. నానీమా గిన్నె పంపినప్పుడు ఆ ఆశ లేదు, ఆమెకు దానితో పని లేదు. మేం పంపుతున్నప్పుడు ఉంది. గిన్నె అదే, ఖుర్మా అదే. నియ్యత్‌లో మాత్రం భయం ఒక చెంచాడు కలిసింది.

మా దీన్‌లో రియా అనే మాట ఉంది. పదిమంది చూడాలని చేసే ఇబాదత్‌ను రియా అంటారు. ఎవరూ లేనప్పుడు గబగబా ముగించి, ఎవరైనా చూస్తున్నప్పుడు సజ్దా పొడిగించడం రియా. అట్లా చదివిన నమాజుకు విలువ లేదంటారు. మరి చూసేవాళ్లు మెచ్చుకోవాలని కాదు, చూసేవాళ్లు అనుమానించొద్దని చేసే మంచి మాటేమిటి? అది కూడా రియానేనా?

దీని మీద మాలో మేము చాలా వాదించుకున్నాం. భయపడ్డవాడి మంచి అబద్ధం కాదు, భయం పాపం కాదు అని కొందరం అన్నాం. పర్సు తిరిగిచ్చినాయన భయంతో ఇవ్వలేదు, ఇచ్చే అలవాటు ఉండి ఇచ్చాడు. కానీ అట్లాంటి మెచ్చుకోళ్లు రోజూ వింటూ బతికితే మనిషి మెల్లమెల్లగా మెచ్చుకోలుకే పనిచేయడం మొదలుపెడతాడు, అప్పుడు వాడి మంచితనం వాడిది కాకుండా పోతుంది అని ఇంకొందరం అన్నాం. రెండో మాటే సరైనదని మాకు ఇప్పుడు అనిపిస్తున్నది. ‘అయినా’ మాకు చేసే అసలు అన్యాయం అవమానం కాదు. మా మంచితనాన్ని మా చేతుల్లోంచి గుంజుకొని దాన్నొక గుర్తింపు కార్డు చేయడం.

ఈ జిల్లాలో పుట్టిన మాకు ఇంకో బాకీ కూడా అంటగడతారు. రజాకార్ల బాకీ.

నల్లగొండ తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ. 1946 నుంచి 1951 దాకా సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల్లో ఊరూరా సంఘం నడిచింది. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. ఇది నిజం. దీన్ని దాచిపెట్టే హక్కు మాకు లేదు. వాళ్ల పక్కన హిందూ దేశ్‌ముఖులూ ఉన్నారు, రజాకార్లను ఊళ్లలోకి పిలిపించుకున్న దొరలున్నారు. ఇదీ నిజమే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక రజాకార్లతో సంబంధం లేని ముస్లింలు వేల సంఖ్యలో చచ్చిపోయారు. హైదరాబాద్ సంస్థానమంతటా, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. ఇదీ నిజమే.

ఎవరైనా రజాకార్ల మాట ఎత్తితే మేం వెంటనే పేర్లు చదువుతాం. విసునూరు దేశ్‌ముఖు మీద కోర్టులో కొట్లాడి గెలిచి, 1940 ప్రాంతంలో అతని మనుషుల చేతుల్లో చచ్చిపోయిన షేక్ బందగీ మావాడే అంటాం. రజాకార్లకు ఎదురుగా రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ మావాడే అంటాం. కూలీల కవి, 1952లో మా హుజూర్‌నగర్ నుంచే శాసనసభకు గెలిచిన మఖ్దూం మొహియుద్దీన్ మావాడే అంటాం. అన్నీ సరే. కానీ ఒకసారి ఆగి ఆలోచించండి. బందగీ తన చెలక కోసం కొట్లాడాడు. షోయబుల్లాఖాన్ తను నమ్మిన నిజం కోసం రాశాడు. మఖ్దూం కార్మికుల కోసం జైళ్లకు పోయాడు. రేపు మేం ఎవరికో చూపించుకోవడానికి సర్టిఫికెట్లు కావాలని వాళ్లెవరూ చచ్చిపోలేదు. వాళ్లను సాక్షులుగా నిలబెట్టిన ప్రతిసారీ, మేం ముద్దాయిలమని మేమే ఒప్పుకున్నట్టవుతున్నది.

మరి రజాకార్ల బాకీ మాదా, కాదా? దీనికి కూడా మా జనాజా ఆచారంలోనే జవాబుంది. తండ్రి అప్పును కొడుకులు తండ్రి ఆస్తిలోంచి తీర్చాలి. ఖననం ఖర్చు పోయాక మొదట బాకీలు, తర్వాత వసియ్యత్, ఆ తర్వాతే వారసుల వాటాలు. తండ్రి ఏమీ మిగల్చకపోతే, కొడుకు తన రెక్కల కష్టంతో ఆ అప్పు తీర్చడం పుణ్యమే కానీ, తీర్చి తీరాలని షరియత్ బలవంతం చేయదు. ఏది చేతికొచ్చిందో దాని మేరకే బాధ్యత. నిజాము రాజ్యం మాకేం మిగిల్చింది? జాగీర్లా? గడీలా? దూది ఏకే విల్లు, కుట్టుమిషను, నులక మంచం. పోలీసు చర్య తర్వాత ఊరు విడిచి పరుగెత్తిన మా తాతల భయం. వీటిలోంచి ఏ బాకీ తీర్చమంటారు? అయితే వారసత్వంగా మాకు వచ్చింది ఒకటుంది. జ్ఞాపకం. దాని మేరకు మేం బాకీనే. రజాకార్లు చేసింది తప్పు అని ఎవరూ అడగకముందే, ఎవరినీ మెప్పించడానికి కాకుండా మా పిల్లలకు చెప్పడం, పోలీసు చర్యలో మాకు జరిగింది కూడా అంతే నెమ్మదిగా చెప్పడం. అది మా బాకీ. అంతకు మించి ఒక్క పైసా మాది కాదు.

మాది కాని బాకీల గురించి ఇంత చెప్పుకున్నాక, మావైన బాకీల గురించి చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

మొదటిది మహర్. నికాలో పదిమంది ముందు ఒప్పుకుంటాం. అది భార్యకు భర్త పడ్డ బాకీ. బతికుండగా ఇచ్చేవాళ్లెంతమంది? ఆయన పోయాక, జనాజా లేచే ముందు, ఏడుస్తున్న ఆడమనిషిని మయ్యత్ దగ్గరికి తీసుకొచ్చి ‘మహర్ మాఫ్ చేశానను’ అంటారు. చుట్టూ చుట్టాలు, పక్కన పిల్లలు. ఆమె ఏమనగలదు? మాఫ్ అంటుంది. దాన్ని మేం మాఫీ అనుకొని గండం గడిచినట్టు డోలా ఎత్తుకుంటాం. మెడ మీద చేయి పెట్టి తీసుకున్నదాన్ని మాఫీ అంటారా? అదే సమయంలో కొడుకు పెళ్లికి జోడే కీ రఖమ్ మాత్రం ఒక్క రూపాయి తగ్గకుండా లెక్కపెట్టుకుంటాం.

రెండోది ఆడపిల్ల వాటా. కొడుకుకు రెండైతే బిడ్డకు ఒకటి అని ఖురాన్ చెప్పింది. ఆ ఒకటైనా ఇస్తున్నామా? ‘చెల్లెకు పెళ్లి చేసినం కదా’ అంటాం. సంతకం పెట్టించుకుంటాం. పండుగకు చీర పెడతాం.

మూడోది మాలో మేమే కట్టుకున్న గోడలు. దూదేకుల వాళ్లను ‘నమాజు రానోళ్లు, ఉర్దూ రానోళ్లు’ అని ఎగతాళి చేసినవాళ్లం మేమే. వాళ్లింట్లో తింటాం, పిల్లనివ్వం, తెచ్చుకోం. ‘దూదేకులోడైనా ఖురాన్ మంచిగ చదువుతడు’ అని మసీదులో మెచ్చుకున్న మాట మా చెవులతో మేం విన్నాం. అక్కడ కూడా అదే ‘అయినా’. మాకు కుచ్చుకున్న ముల్లునే తీసి ఇంకొకరికి గుచ్చాం. మీద ఉన్నవాళ్లను న్యాయం అడిగేవాడు కింద ఉన్నవాడికి న్యాయం బాకీ ఉంటే, వాడి అరుపుకు విలువేముంటుంది?

ఇక్కడ మిర్యాలగూడ సంగతి ఒకటి చెప్పాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలాక ఎడమకాలువ కింద మా ప్రాంతం మారిపోయింది. జొన్న చేలు వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు లేచాయి. మావాళ్లు వాటిలో హమాలీలయ్యారు, లారీ డ్రైవర్లయ్యారు, కాంటా దగ్గర నిలబడ్డారు. అట్లా ఒక మిల్లులో కాంటా దగ్గర పనిచేసిన పెద్దమనిషి ఒకాయన మాకు తెలుసు. తూకం కొంచెం మిల్లు దిక్కు మొగ్గేట్టు చూసుకోమని ఆయనకు చెప్పారు. తేమ అని, తాలు అని, తరుగు అని తీసేది చాలక ఇది అదనం. ఆయన నెలరోజులు ఆలోచించి పని మానుకున్నాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో భార్య తిట్టింది. మాలో కొందరం కూడా తిట్టాం, ‘నువ్వు మానుకుంటే ఆ కాంటా ఆగుతదా’ అని.

చాలా ఏళ్లకు ఒకనాడు అడిగితే చెప్పాడు. ‘షావుకారికో నీకో బాకీ పడితే నా కొడుకు తీరుస్తడు. రోజూ బండ్ల మీద వచ్చే రైతులు ఏ ఊరోళ్లో, ఏం పేర్లో నాకు తెల్వదు. పేరు తెల్వనోళ్లకు బాకీ పడితే, నా జనాజా కాడికి వాళ్లెట్ల వస్తరు? మాఫ్ ఎవరు చేస్తరు?’

ఖురాన్‌లో 83వ సూరాకు తూకంలో మోసం చేసేవాళ్ల పేరే పెట్టారు. ఆ సూరా చదివినవాళ్లం మాలో చాలామందిమి ఉన్నాం. ఆయనకు చదువు అంతగా రాదు. కానీ ఆ సూరా మొత్తం ఆయన ఆ రెండు మాటల్లో చెప్పాడు. ఆయన చేసిన మంచిని చూసినవాళ్లు లేరు. ఏ రైతూ వచ్చి ‘సాయిబైనా మంచోడు’ అనలేదు, తనకు ఏం మిగిలిందో ఆ రైతుకు తెలిస్తే కదా! ఆ మంచికి గుర్తింపు కార్డు లేదు. దాన్ని ఆయన దగ్గరినుంచి ఎవరూ గుంజుకోలేరు. మేం వెతుకుతున్న మంచి బతుకు అదేనేమోనని మాకనిపించింది.

‘అయినా’ లేని చోటు మా దగ్గర అసలు లేదని కాదు. పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. ఏటా జనవరిలో ఉర్సు. మూడు పట్టణాల నుంచీ బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు. లంబాడోళ్లు, గొల్లోళ్లు, మాదిగోళ్లు, మేము, అందరం కలిసి కందూరు చేస్తాం. మొక్కుకొని పుట్టిన పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెడతారు. మిర్యాలగూడ బస్టాండులో ‘సైదులూ’ అని కేకేస్తే తిరిగి చూసేవాళ్లలో హిందువులే ఎక్కువ. దర్గాకు పోవడం తప్పని మాలో వాదించేవాళ్లున్నారు, వాళ్ల వాదన వాళ్లది. మేం చెప్పేది ఇంతే. అక్కడ గంధం పూసేటప్పుడు ఎవడూ ఎవడికీ తన మంచితనం రుజువు చేసుకోవాల్సిన పని లేదు. అట్లాగని దాన్ని చూసి మురిసిపోయి ఊరుకోలేం. ఉర్సు నుంచి ఇంటికి పోయిన సైదులే రేపు మాకు ఇల్లు అద్దెకివ్వనంటాడు. పేరొక్కటైతే చాలదు.

అందుకే ఈ మాట మాతోపాటు మీకూ చెబుతున్నాం. మీ ఇళ్లలోనూ రుణం అనే మాట ఉంది. దేవ రుణం, ఋషి రుణం, పితృ రుణం అని మీ పెద్దలు లెక్కగట్టారు. పొరుగువాడి రుణం ఏ లెక్కలో పడుతుంది? ఇవ్వని ఇల్లు, పెట్టని పని, తేలిగ్గా అనేసిన ‘అయినా’, ఇవన్నీ మీవైపు బాకీలే. మేం వసూలుకు రాలేదు. మా పద్దు మేం విప్పి చూపించాం, మీ పద్దు మీరు విప్పుకుంటారని.

ఇక మా సంగతి. జనాజా ముందు ఆ మాట అడిగినప్పుడు వరసల్లో అందరూ మౌనంగా ఉంటే ఇంటివాళ్ల గుండె కుదుటపడుతుంది. ఎవరూ పొగడాల్సిన పని లేదు. ఆ కాసేపటి మౌనమే మనిషికి దొరికే పెద్ద సాక్ష్యం. కానీ ఆ మాట అడిగేదాకా మేం ఎందుకు ఆగాలి? మాట వినాల్సినవాడు అప్పటికే కళ్లు మూసుకొని ఉంటాడు. బతికుండగానే భార్య చేతిలో మహర్ పెట్టి, చెల్లె వాటా చెల్లెకు రాసిచ్చి, దూదేకుల భాయి పక్కన కూర్చుని ఒక్క దస్తర్ఖాన్ మీద తిని, అతని ఇంటికి పిల్లనిచ్చి, కాంటా దగ్గర చేయి వణకకుండా నిలబడి, ఆ మాటేదో మా నోటితో మేమే అడగొచ్చు. షీర్ ఖుర్మా గిన్నె పక్కింటికి ఇప్పటికీ పంపుతాం. దానిలోంచి ఆ చెంచాడు భయాన్ని తీసేసి పంపడం నేర్చుకోవాలి.